పసుపు పోసిన బండికి పథ్యం

చైత్ర శుద్ధ దశమి, శనివారం

పదో తరగతి పరీక్షల తరువాత నేను వరసగా నాలుగు వాక్యాలు రాసింది లేదు. ఇవాళ కలం పట్టడానికి కారణం ఉంది. పొద్దున అమ్మవారి ముందు కూర్చుని రోజూ చెప్పుకునేవన్నీ చెప్పుకున్నాను. ఒక్క మాట దగ్గర నోరు ఆగిపోయింది. యాభై ఏళ్ళు వచ్చాయి, ఆమె దగ్గర ఏదీ దాచలేదు. ఇవాళ దాచాను. దాచిన మాట లోపల ఉంటే ఒళ్ళంతా పాకుతుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా వీధి చివర ముద్రబళ్ళు ఇరవై మూడు ఉన్నాయి. వాటికి ఎక్కడి నుంచో అనుమతి వస్తేనే కదిలేవి. పన్నెండేళ్ళ కింద ఆ అనుమతి రావడం ఆగిపోయిన పూట ఎక్కడివి అక్కడే నిలిచిపోయాయి. విప్పి చూద్దామంటే పైన ఒక్క బోల్టు కూడా ఉండదు. ఇప్పుడు వాటిలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. నల్లటి అద్దాల పైకప్పులు మాత్రం నాకు పనికొస్తాయి. ఉడికించిన పసుపు కొమ్ములు వాటి మీద పరిస్తే మూడు రోజుల్లో గలగలమంటాయి. వాటిని దంచి, విసిరి, జల్లించి ఊరికి ఇవ్వడం నా పని. నా ముఖానికి పసుపు లేదు, మా ఆయన పోయాక.

నిన్న కొమ్ములు తిరగేస్తుంటే మా తమ్ముడు ఓబులాచారి వచ్చాడు. మూడేళ్ళ తరువాత నాతో మాట్లాడడం ఇదే. పదహారు మందికి అన్నం పెట్టే ఇంట్లో వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది నేను. ఇప్పుడు వాడు షెడ్డు పెద్ద. ఊళ్ళో నడిచే పాత బళ్ళు ఏడూ వాడి చేతి కిందే ఉన్నాయి.

"అక్కా, పసుపు కావల్ల. మూడు శేర్లు" అన్నాడు, కోళ్ళ వైపు చూస్తూ.

అంత ఎందుకని అడిగాను. బోరు నీళ్ళు ఉప్పు తిరిగాయనీ, రేడియేటర్లన్నీ జల్లెడలయ్యాయనీ, ఏడు బళ్ళలోనూ పోయాలనీ చెప్పాడు. బావ పుస్తకంలో ఉన్న వైద్యమే కదా అని కూడా అన్నాడు. ఆ మాట వాడి నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

తూచి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాలి. చెప్పలేదు.

చైత్ర శుద్ధ ద్వాదశి, సోమవారం

చెప్పని మాట ఏమిటో రాస్తాను.

మా ఆయన వీరాచారి పాత బళ్ళ వైద్యుడు. ఇనుము, రబ్బరు, మనిషి చెయ్యి తప్ప మరేమీ అక్కర్లేని బళ్ళంటే ఆయనకు ప్రాణం. విడిభాగాలు దొరకని కాలం కాబట్టి వంటింట్లోంచే మందులు తీసేవాడు. ట్యాంకుకు సన్నగా చీలిక వచ్చి, బండి తాగే జొన్నసారా కారుతుంటే, బట్టల సబ్బు బిళ్ళ రుద్ది ఆపేవాడు. బ్యాటరీ కొనల మీద పచ్చగా పూసిన తుప్పుకు బూడిద కలిపిన వేడినీళ్ళు, ఆపైన కొబ్బరినూనె. ఫ్యాను బెల్టు తెగితే నా పాత పట్టుచీర అంచు తడిపి ముడివేసి తిప్పాడు ఒకసారి. దీపాల అద్దం మసకబారితే నా విభూది పళ్ళెం మాయమయ్యేది. దేవుడి విభూది బండికి పూస్తావా అని కోప్పడితే, "అమ్మవారికి బండి కూడా బిడ్డే గదా" అనేవాడు.

ప్రతి మందుకూ ఒక పథ్యం ఉండేది. సబ్బు రుద్దిన చోట నీళ్ళు తగలకూడదు. చీర అంచు బెల్టు మీద పది మైళ్ళు దాటకూడదు. ఇవన్నీ ఊరు చేరేదాకా కాపాడే మందులే తప్ప నయం చేసేవి కావు. మందులు ఎర్ర అట్ట పుస్తకంలో రాశాడు. పథ్యం రాయలేదు. రాసింది చదివి అవతల పారేస్తారనీ, నోటితో చెప్పి నోటితో తిరిగి చెప్పించుకుంటేనే మనిషిలో ఉంటుందనీ ఆయన నమ్మకం. తాళం ఇచ్చే ముందు పథ్యం చెప్పేవాడు. తీసుకునేవాడు బండి మూత మీద చెయ్యి పెట్టి ఆ మాటలే తిరిగి చెప్పాలి. దాన్ని మారు చెప్పడం అనేవాళ్ళు. మారు చెప్పనివాడికి తాళం ఇవ్వలేదు, సాక్షాత్తు పంచాయితీ పెద్ద సిద్ధప్పకైనా సరే.

ఒక్కసారి ఇచ్చాడు. మూడేళ్ళ కింద, మా పెరట్లో, బావమరిదికి.

నాలుగో నంబరు బండి రేడియేటరు చిల్లిపడితే పసుపు పోశాడు. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పోస్తే ఆ పొడి తిరిగి తిరిగి చిల్లి దగ్గర ఉబ్బి గడ్డకడుతుంది. అది మందు. బండి దిగిన చోట, వేడి చల్లారకముందే ఆ నీళ్ళన్నీ వదిలి, చింతపండు రసంతో ఒకసారి, కింది గొట్టంలోంచి ఎదురు నీళ్ళతో ఒకసారి కడగాలి, చిల్లికి సీసం అతకాలి, కడగకుండా రెండోసారి పసుపు పోయకూడదు. అది పథ్యం. పోస్తే చిల్లిని మూసిన పసుపే లోపలి సన్నదారులన్నీ మూసేస్తుంది, ఇంజను ఉడికిపోతుంది. ఆయన ఇదంతా చెబుతుంటే నేను పక్కనే చింతపండు పిసుకుతున్నాను. ఓబులు "సరే బావా, సరే బావా" అంటూ తాళం కోసం చెయ్యి చాపాడు. మారు చెప్పలేదు. ఇంటి మనిషిని ఏమి నిలబెడతాంలే అనుకుని మా ఆయన తాళం ఇచ్చేశాడు. ఆయన జీవితంలో చేసిన తప్పు అదొక్కటే.

మా బళ్ళు బారు కట్టి వెళ్ళే పెద్ద ఊరు కాలవగట్టుకు తొంభై మైళ్ళు. మధ్యలో అరవై మైళ్ళు సుద్దబయలు. చెట్టు లేదు, నీడ లేదు, తెల్లటి నేల మీద ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. ఓబులు కాలవగట్టులో బండి కడగలేదు. పైగా తిరుగు ప్రయాణానికి ఇంకో పిడికెడు పసుపు పోసి, ఒక్క మాటైనా చెప్పకుండా తాళం మద్దిలేటికి ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఈరమ్మ కొడుకు. బండి బయలు నడుమ ఉడికి ఆగింది. బారులో ఆఖరు బండి కావడంతో ముందువాళ్ళు చూసుకోలేదు. వెనక్కి వచ్చేసరికి మద్దిలేటి బండి నీడలో పడుకుని ఉన్నాడట. పడుకోలేదు.

చైత్ర పౌర్ణమి, గురువారం

ఓబులు మళ్ళీ మనిషిని పంపాడు. ఇంకో నాలుగు శేర్లు కావాలట. నేనే మోసుకుని షెడ్డుకు వెళ్ళాను, కళ్ళతో చూడాలని. అవే ఏడు బళ్ళు. ఎక్కడా చింతపండు వాసన లేదు, నేల మీద పసుపు నీళ్ళ మరక లేదు. కడగకుండానే రెండోసారి పోస్తున్నాడు.

వాడికి తెలియక కాదు. తెలిసే. కడిగితే పథ్యం ఒకటి ఉందని ఊరికి తెలుస్తుంది. ఉందని తెలిస్తే, మూడేళ్ళ కింద అది ఎవరు ఎవరికి చెప్పారనే ప్రశ్న వస్తుంది. ఇన్నాళ్ళూ ఒకటీ అరా చిల్లులు గుట్టుగా అతికించి నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఉప్పునీళ్ళు ఏడింటినీ ఒకేసారి తినేస్తున్నాయి.

ఆనాటి పంచాయితీలో వాడు చెప్పింది ఒక్కటే మాట. "బావ పసుపు పోసినాడు, తాళం ఇచ్చినాడు. నాకేం చెప్పల్యా." మా ఆయన వాడి ముఖం వైపు చూశాడే తప్ప నోరు విప్పలేదు. మారు చెప్పించుకోకుండా తాళం ఇచ్చిన తప్పు ఆయనను లోపల తినేస్తోంది. నేను లేచి, చెప్పాడు, నేను విన్నాను అన్నాను. నా గొంతు పుట్టుకతోనే చిన్నది. సిద్ధప్ప "వినపడల్యా తల్లీ, గట్టిగా చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఎవరో వెనక నుంచి, దోమ పాడినట్టుంది అన్నారు. జనం నవ్వారు. చనిపోయిన పిల్లవాడి పంచాయితీలో నవ్వారు. నేను కూర్చున్నాను.

ఆయన జన్మలో బండిని తాకకూడదని తీర్పు. పుస్తకం షెడ్డుకు, షెడ్డు ఓబులుకు. ఆయన పద్నాలుగు నెలలు అరుగు మీద కూర్చుని చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఏ బండి వెళ్ళినా శబ్దం విని, దానికి ఏమి జబ్బో గొణిగేవాడు. తరువాత అదీ మానేశాడు. తరువాత ఆయనే లేడు.

ఇవాళ షెడ్డులో పసుపు మూట దించి, చేతులు దులుపుకుని వచ్చేశాను. దారిలో ఎంత తేలిగ్గా నడిచానో చెప్పలేను.

చైత్ర బహుళ తదియ, ఆదివారం

ఐదో నంబరు బండిని పరీక్షకని ఊరి బయటికి తీసుకెళ్ళారు. మూడు మైళ్ళకే ఉడికి ఆవిరి కక్కింది. ఎడ్లతో లాక్కొచ్చారు. సాయంత్రానికి ఊరంతా పాకిన మాట ఏమిటంటే, కాళమ్మ పసుపులో పిండి కలిపింది. ఓబులే అన్నాడట, అక్క చేతి పసుపు మునుపటిలా లేదని.

సిద్ధప్ప నొచ్చుకుంటూనే మా ఇంటికి వచ్చి ఒకసారి పసుపు చూస్తానన్నాడు. డబ్బా తెచ్చి ముందు పెట్టాను. చిటికెడు నా నాలుక మీద వేసుకుని, చిటికెడు ఆయన అరచేతిలో పోశాను. ఆయన నాకి, "నాకేం తెలుస్తాది తల్లీ, ముసలి నాలుక" అని లేచాడు.

ఆయన వెళ్ళాక తిరగలి ముందు కూర్చున్నాను. మొదట నా మొగుడు, ఇప్పుడు నా పసుపు. వాడి తప్పు ఎప్పుడూ నా గడపలోకే వస్తుంది. తిరగలి తిప్పిన ప్రతిసారీ వాడి పేరు అనుకున్నాను. పసుపు ఇంత మెత్తగా ఎన్నడూ దిగలేదు.

బారు బయలుదేరేది ఏకాదశికి అని తెలిసింది. ఓబులు తానే మొదటి బండి నడుపుతాడట, భయపడుతున్న డ్రైవర్లకు ధైర్యం చెప్పడానికి. మంచిది. సుద్దబయలు మధ్యలో బండి ఆగుతుంది. వాడు దిగి మూత ఎత్తుతాడు. అప్పుడు వాడికి మా పెరడు గుర్తు రావాలి. నేను చింతపండు పిసుకుతున్న శబ్దం గుర్తు రావాలి. అమ్మవారి ముందు దాచిన మాట ఇదే.

చైత్ర బహుళ షష్ఠి, బుధవారం

ఈరమ్మ వచ్చింది. మద్దిలేటి పోయినప్పటి నుంచి నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది. ఇవాళ ముఖం తిప్పడానికి చూపే లేదు. రెండు కళ్ళల్లో తెల్లగా పొర కమ్మింది. గోడ తడుముకుంటూ గడప దాకా వచ్చి నిలబడింది, లోపలికి రాలేదు.

"ఏకాదశి నాడు నేను కాలవగట్టుకు పోతాండా, కండ్ల డాక్టరు దగ్గరికి. మూడో నంబరు బండిలో. మేం బయల్దేరే పొద్దు నువ్వు వాకిట్లోకి రావద్దు, కాళమ్మా. శకునం."

బారు బయలుదేరే రోజున నేను ఎప్పుడూ తలుపు వేసుకునే ఉంటాను. విధవ ఎదురు రాకూడదని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా ఇంటికొచ్చి మరీ చెప్పింది.

రానని చెప్పాను. ఆమె వెళ్ళబోతూ ఆగి, "నీ మొగుడు చేతి పాపానికి నా ఇల్లు చీకటైంది. ఈ కండ్లు కూడా ఏడ్చి ఏడ్చి పోయినవే" అంది.

మూడో బండి ఎక్కొద్దు అనే మాట పళ్ళ దాకా వచ్చింది. మొగుడు చేతి పాపం అనగానే వెనక్కి పోయింది. పో, ఎక్కు అనుకున్నాను. ముసలామె గోడ తడుముకుంటూ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ ఉన్నాను.

చైత్ర బహుళ నవమి, శనివారం

రెండు రోజులుగా ఉపవాసం. అమ్మవారి ముందు కూర్చుంటే ఈరమ్మ చెయ్యి గోడ మీద పాకడమే కనబడుతోంది. ఏడు బళ్ళలో పందొమ్మిది మంది వెళ్తున్నారు. వాళ్ళలో నన్ను చూసి నవ్వినవాళ్ళు ఎంతమంది అని వేళ్ళు మడిచాను. పదకొండు మంది. మిగతా ఎనిమిది మంది మాటేమిటి అని అమ్మవారు అడిగినట్టు అనిపించింది. కళ్ళు మూసుకుని ఓబులు చావును మొదటి నుంచి చివరిదాకా చూద్దామని కూర్చున్నాను.

చూశాను. బండి ఆగింది. నీళ్ళ తిత్తి అయిపోయింది. వాడు పడిపోయాడు. అప్పుడు వాణ్ణి ఊరికి తెచ్చారు. ఊరంతా ఏడుస్తోంది. బారు ముందు నడిచి ప్రాణం ఇచ్చినవాడని షెడ్డు ముందు రాయి పాతుతున్నారు. రాయికి దండ వేస్తున్నారు. పక్కనే నా పసుపును, మా ఆయన పుస్తకాన్ని తిడుతున్నారు. ఆ రాయికి పూయడానికి పసుపు కావాలని నా ఇంటికే మనిషి వచ్చాడు.

చచ్చినవాడికి సిగ్గు ఉండదు. సిగ్గుపడాలంటే మనిషి బతికి ఉండాలి.

లేచి పాలు తాగాను.

చైత్ర బహుళ ఏకాదశి, సోమవారం

తెల్లవారగానే తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకునే వెళ్ళాను. షెడ్డు ముందు, చల్లార్చి మళ్ళీ నిలబెట్టిన ఐదో నంబరుతో సహా, ఏడు బళ్ళూ వరసగా ఉన్నాయి. ఇంజన్లు తిరుగుతున్నాయి, జొన్నసారా వాసన వీధంతా నిండింది. ముత్తయిదువలు బండి మూతలకు బొట్లు పెడుతున్నారు. నేను వెళ్ళి మొదటి బండికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను.

డ్రైవర్లు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకడు స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశాడు. ఎవరూ నన్ను తోయడానికి ముందుకు రాలేదు. శకునం చెడింది, ఇక తోసి ఏం లాభం.

ఓబులు దిగివచ్చి, "ఏందక్కా ఇది. ఇంటికి పో" అన్నాడు.

నేను వాడితో మాట్లాడలేదు. డ్రైవర్లకు చెప్పాను, ఎవరి బండి రేడియేటరు వాళ్ళు తాకి చూసుకోండి, పైన ఒకసారి, అడుగున ఒకసారి, అని. నా గొంతు ఎప్పటిలాగే ఉంది. ఈసారి గట్టిగా చెప్పమని ఎవరూ అనలేదు. వాళ్ళే ఒక్కొక్కరూ ఇంజన్లు ఆపి దగ్గరికి వచ్చారు. చెయ్యి పెట్టి చూశారు. పైన కాలుతోంది. అడుగు చల్లగా ఉంది, బావి గట్టులా. అంటే నీళ్ళు తిరగడం లేదు. చెయ్యి ఉన్న ఎవడికైనా తెలుస్తుంది. ఊరు దాటకముందే ఇలా ఉంటే బయలు నడుమ ఏమవుతుందో కూడా తెలుస్తుంది.

సిద్ధప్ప కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. దీనికి మార్గం నీకు తెలుసా తల్లీ అని అడిగాడు. తెలుసన్నాను. అయితే చెప్పమన్నాడు.

"మూడేళ్ళ కింద చెప్పినాను. మీకు వినపడలేదు. వినపడినవాడు ఇక్కడే ఉన్నాడు. వాణ్ణి అడగండి."

అందరూ ఓబులు వైపు తిరిగారు. వాడి మెడ మీద నరం కొట్టుకుంటోంది. ఆ నరం నాకు తెలుసు, చిన్నప్పుడు అబద్ధం ఆడితే అక్కడే కదిలేది. నాకేమీ తెలియదని అన్నాడు.

నేను ఎదురు చూసింది ఆ మాటకే. వాడికి ప్రాణం కన్నా షెడ్డు ఎక్కువ. పెంచినదాన్ని, వాణ్ణి ఎక్కడ గిల్లాలో నాకు తెలుసు.

"తెలియకపోతే తప్పేమీ లేదు నాయనా. ఇంత చిన్న పథ్యం తెలియనివాడికి ఏడు బళ్ళు అప్పజెప్పడం పంచాయితీ తప్పు. తెలిసినవాణ్ణి కాలవగట్టు నుంచి పిలిపించుకుంటారులే. నువ్వు వాడి దగ్గర నేర్చుకో."

ఒక డ్రైవరు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు గొంతు సవరించుకున్నాడు. ఓబులు ముఖం కుంకుమలా అయింది.

"నాకు నేర్పేవాడు ఎవడు? నాకు తెలీని పథ్యమా? దిగిన చోట వేడి మీదనే నీళ్ళు వదలల్ల. చింతపండు రసం పోసి కాసేపు తిప్పల్ల. కింది గొట్టంలోంచి ఎదురు నీళ్ళు పట్టల్ల. చిల్లికి సీసం పెట్టల్ల. కడగందే రెండోసారి పసుపు ముట్టకూడదు, ముడితే దారులన్నీ మూసుకుంటాయి. ఎండలో అయితే మూత అర చుట్టు వదులుగా పెట్టుకోవల్ల. చాలా?"

చివరి ముక్క నాకే గుర్తులేదు. మూత అర చుట్టు. అవును, మా ఆయన అదీ చెప్పాడు. మాట మాటా ఆయనదే, ఆయన ఆగే చోటే ఆగుతూ చెప్పాడు వాడు. వాడి అరచెయ్యి బండి మూత మీద ఉంది. దానంతట అదే వెళ్ళి అక్కడ ఆనుకుంది.

మూడో బండిలోంచి ఈరమ్మ దిగింది. బండి తరువాత బండిని తడుముకుంటూ ముందుకు వచ్చి, గొంతును బట్టి వాడి ముందు నిలబడింది.

"ఇది నీకు ఎవరు చెప్పినారు, ఓబులూ?"

వాడు నా వైపు తిరిగాడు.

"వీరాచారేనా?"

ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది.

"ఎప్పుడు చెప్పినాడు? నా కొడుకు తాళం తీసుకోకముందా, తీసుకున్నాకనా?"

వాడు మూత మీది చెయ్యి తీసి చూసుకున్నాడు. ఈరమ్మ కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి చాపి వాడి ముఖం అంతా తడిమి చూసింది, గుర్తు పెట్టుకోవడానికన్నట్టు. తరువాత నేల మీద కూలబడింది.

వైశాఖ శుద్ధ చవితి, మంగళవారం

ఏడు బళ్ళనూ మూడు రోజులు కడిగించాను. ఊళ్ళో ఎవరింట్లోనూ చింతపండు మిగల్లేదు, చారు లేకుండా మజ్జిగతో నెల దాకా బతకాలి. కడిగిన ప్రతి రేడియేటరు లోంచి మీగడలా పసుపు గడ్డలు వచ్చాయి. సీసం అతికించారు. డ్రైవర్లు మూత మీద చెయ్యి పెట్టి నాకు మారు చెప్పి తాళాలు తీసుకున్నారు. బారు చతుర్దశికి వెళ్ళింది, నిన్న తిరిగి వచ్చింది. పందొమ్మిది మందీ వచ్చారు. ఈరమ్మకు ఒక కన్ను తెరిచారు, రెండోది వచ్చే నెల. దిగీ దిగగానే మా ఇంటికి వచ్చి, ఆ ఒక్క కంటితో నన్ను చూసి, నా కాళ్ళ మీద పడింది. లేపి కూర్చోబెట్టాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపు అబద్ధం కాదు.

అమావాస్య నాడు పంచాయితీ జరిగింది. ఓబులును మూడు రోజుల నీళ్ళతో సుద్దబయల్లో వదిలేయమని సగం మంది అన్నారు. సిద్ధప్ప నన్ను పిలిచి, నష్టపోయినదానివి నువ్వు, నువ్వే చెప్పు అన్నాడు. అప్పుడు వీధి మొత్తం ఊపిరి బిగపట్టి నా చిన్నగొంతు విన్నది. వాణ్ణి ఎక్కడికీ పంపవద్దని చెప్పాను. ఊళ్ళోనే, వాడి ఇంట్లోనే ఉండనివ్వమన్నాను. కడుపు నిండా తిండి పెట్టమన్నాను. బండిని మాత్రం తాకనివ్వవద్దు, అంతే అన్నాను.

ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. తోడబుట్టినదంటే ఇలా ఉండాలి, క్షమించడం అంటే ఇది అని సిద్ధప్ప గద్గదంగా అన్నాడు. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. షెడ్డు గోడ మీద మా ఆయన పేరు సున్నంతో రాయించారు.

ఓబులు తల ఎత్తి నన్ను చూశాడు. ఆ ఊళ్ళో నేను చెప్పింది అర్థమైనవాడు వాడొక్కడే. "అక్కా, బయల్లోకే పంపించు" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. నేను పైట సర్దుకుని కూర్చున్నాను.

ఇప్పుడు వాడు వాడి అరుగు మీద కూర్చుంటున్నాడు. నేను షెడ్డుకు రోజూ ఆ వీధిలోంచే వెళ్తున్నాను, అది చుట్టుదారి అయినా. నలభై నాలుగేళ్ళవాడు, గట్టి ఒళ్ళు. ఇంకా చాలా ఏళ్ళు కూర్చోగలడు.

అమ్మవారికి ఇప్పుడు అన్నీ చెబుతున్నాను. ఏదీ దాచడం లేదు. రోజూ పొద్దున దీపం పెట్టి, మా తమ్ముడికి నూరేళ్ళ ఆయుష్షు ఇవ్వు తల్లీ, వాడికి ఏ జబ్బూ రాకూడదు, మతి చెడకూడదు, చూపు తగ్గకూడదు, ప్రతి బండి చప్పుడూ వాడికి వినబడాలి అని వేడుకుంటున్నాను. కిటికీలోంచి విన్న పక్కింటివాళ్ళు కళ్ళకద్దుకుంటున్నారు. ఊళ్ళో నన్ను దేవతంటున్నారు.

పందొమ్మిది ప్రాణాలు నిలిచాయి. ఆ లెక్క అమ్మవారు ఎలా చూస్తుందో నాకు తెలియదు. వాళ్ళ కోసం నేను గడప దాటలేదని ఆమెకు తెలుసు. ఒక మనిషికి తెలిసే చోట కూడా అది ఉండాలనిపించింది, అందుకే చించెయ్యకుండా ఉంచుతున్నాను.

నా తరువాత ఈ ఇల్లు ఎవరి చేతికి వస్తే వాళ్ళకు రెండు చేతులూ జోడించి చెబుతున్నాను. ఈ కాగితాలు కాల్చకండి, తడవనివ్వకండి, పురుగు పట్టకుండా చిటికెడు పసుపు చల్లి ఉంచండి. ఓబులు బతికి ఉన్నా లేకపోయినా, ఈరమ్మకు రెండో కన్ను వచ్చినా సరే, ఎవరికీ చూపించవద్దు. నా దీపం ముందు ఎవరైనా దండం పెట్టుకోవడానికి వస్తే, పెట్టుకోనివ్వండి.